సర్కారు వారి తెల్లకారు

మన కంచన్‌బాగ్ రోడ్డు మీద ఒకప్పుడు తెల్లకారు కనిపిస్తే లోపల ఎవరో పెద్ద అధికారి ఉన్నట్టే లెక్క. 1970లో బీడీఎల్, 1973లో మిధాని వచ్చాక ఆ కార్లు మరీ ఎక్కువయ్యాయి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పెద్ద కారంటే అమెరికాదే. షెవర్లే, ఫోర్డు, డాడ్జి, ప్లిమత్. జనరల్ మోటార్స్ వారు 1928 నుంచి బొంబాయిలో విడిభాగాలు తెప్పించి బిగించేవారు. ఇక్కడే తయారుచేసే పథకం లేనివారికి చోటు లేదని 1953లో ప్రభుత్వం తేల్చడంతో ఆ కంపెనీ, ఫోర్డు రెండూ మూటాముల్లె సర్దుకున్నాయి. ఆ నిర్ణయం మంచిదేనని నా అభిప్రాయం. కాకపోతే ఆ తర్వాత కారు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడినవాడు మధ్యతరగతి మనిషి.

బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో పోర్ట్ ఓఖాలో పుట్టి, 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారునే 1957-58లో అంబాసిడర్‌గా తెచ్చింది. (అమెరికాలో నాష్ కంపెనీకీ అంబాసిడర్ ఉండేది. పేరు కలిసిందే గాని చుట్టరికం లేదు.) ముందు సీటు బల్లలా ఒకటే, గేరు స్టీరింగు పక్కన. పిల్లాజెల్లాతో ఎనిమిదిమంది పట్టేవారు.

మనలో చాలామందికి ఈ కారు ఎక్కిన అనుభవం కంటే దాని లాగ్‌బుక్కు చూసిన అనుభవమే ఎక్కువ. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు, ఎవరి సంతకం. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో దొరగారి బంధువుల పెళ్లి ప్రయాణాన్ని ‘తనిఖీ’ అని రాయించారు. ఆడిట్ వారు పట్టుకున్నారు. జవాబులు రాసి రాసి నా చెయ్యి నొప్పిపుట్టింది. చివరకు పెట్రోలు డబ్బు డ్రైవరు జీతంలోంచి రికవరీ అయింది. దొరగారు ప్రమోషన్ మీద బదిలీ అయ్యారు.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారు తొలి మారుతి 800 తాళాలు అందించిన నాటి నుంచి ఇళ్లలో అంబాసిడర్ తగ్గింది, ఆఫీసుల్లో నిలిచింది. ఆ తెల్లరంగుకు ఎంత మర్యాదంటే, 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడికి వచ్చినవారు కూడా హోంశాఖ స్టిక్కరు అంటించిన తెల్ల అంబాసిడర్‌లోనే వచ్చారు.

2014 మే 24న ఉత్తరపారాలో పని ఆగిపోయింది. రెండు వేలకు పైగా కార్మికులు గేటు బయట మిగిలారు. 2017లో అంబాసిడర్ అన్న పేరును ఫ్రాన్సు వారి ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.