కుక్కకు చేపల తాయిలం

ధర్మరాజు మహాప్రస్థానానికి బయలుదేరినప్పుడు ద్రౌపదీ, తమ్ముళ్ళూ ఒక్కొక్కరే దారిలో పడిపోయినా, చివరిదాకా ఆయన వెంట నడిచింది ఒక కుక్క. ఆ మంచుకొండల్లో అది ఏం తిని నడిచిందో మాత్రం వ్యాసులవారు చెప్పలేదు. మగవాళ్ళు వ్రాసిన కథల్లో ఇలాంటి చిన్న సంగతులు జారిపోతూ ఉంటాయి. ఇల్లాలికి మాత్రం ముందుగా వచ్చే సందేహం అదే. "పాపం, దానికి పొద్దున్నించీ ఎవరైనా ఏమైనా పెట్టారా?" అని.

మన ఇళ్ళల్లో కుక్క తిండి అంటే మనం తినగా మిగిలిన అన్నమే. పెరుగన్నం పెడితే పెరుగన్నం, చారన్నం పెడితే చారన్నం. ఈమధ్య పట్నాల్లో కుక్కకి ప్రత్యేకంగా చేప ఉడికించి, ముక్కలు చేసి, ఎండబెట్టి తాయిలాలు చేసిపెట్టే ముచ్చట మొదలయింది. చూసినవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటున్నారు, "మనుషులకే దిక్కులేదు, కుక్కకి పిండివంటలా!" అని. కానీ ఇదేదో నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ అనుకుంటే పొరపాటే. కుక్క కోసం చేప ఎండబెట్టడం వెనక వేల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చేప బాగుంటే బ్రతికిన ప్రాణాలున్నాయి. పాడైపోతే పోయిన ప్రాణాలూ ఉన్నాయి.

అమెరికాలో అందరికన్నా ఉత్తరాన ఉన్న రాష్ట్రం అలాస్కా. అక్కడ స్వాన్ పాయింట్ అనేచోట తవ్వకాల్లో 2018లో ఒక కాలి ఎముక దొరికింది. కుక్కదో, కుక్కలాంటి తోడేలుదో గాని, సుమారు 12,000 ఏళ్ళ నాటిది. మరొకచోట 8,100 ఏళ్ళ నాటి దవడ ఎముక దొరికింది. శాస్త్రజ్ఞులు పరీక్షచేసి చూస్తే, ఆ రెండు జంతువులూ బాగా సామన్ చేపలు తిన్నట్లు తేలింది. ఈ సంగతి 2024 చివర్లో బయటపెట్టారు. ఇందులో వింతేముందంటారా? ఆ ప్రాంతంలో ఆ జాతి జంతువులు నేలమీద వేటాడేవే గాని, నదిలో దిగి చేపలు పట్టేవి కావు. మరి చేప ఎలా వచ్చింది? ఎవరో పెట్టి ఉండాలి! ఆ పెట్టిన చెయ్యి ఎవరిదో ఎముకలు చెప్పవు. మనం ఊహించుకోవలసిందే.

అక్కడ యూకాన్ అని ఒక మహానది ఉంది. వేసవిలో సముద్రంనించి సామన్ చేపలు గుంపులు గుంపులుగా ఆ నదిలోకి ఎదురెక్కి వస్తాయి. అందులో రకాలున్నాయి. అన్నిటికన్నా పెద్దదీ, కొవ్వున్నదీ రాజ సామన్. అది మనుషులకి. చమ్ అనే రకం కుక్కలకి. దానికి 'డాగ్ సామన్' అని, అంటే కుక్కచేప అని పేరు కూడా ఉంది. దాన్ని మనుషులూ తినకపోలేదు. కాని చలికాలమంతా బండి లాగవలసిన కుక్కల వాటా తీసిపెట్టాకే మిగతా లెక్క.

చేపలు వచ్చే రోజులు కొద్ది. ఆ కొద్దిరోజులూ కుటుంబాలు నది ఒడ్డునే గుడారాలు వేసుకుని ఉంటాయి. చేపలు పట్టడం ఎక్కువగా మగవాళ్ళ పని. కోయడం, ఎండబెట్టడం ఆడవాళ్ళ పని. వాళ్ళ చేతిలో అర్ధచంద్రంలా ఉండే కత్తి ఉంటుంది. దాన్ని 'ఊలూ' అంటారు. పిడి పైన, అంచు కింద. మన కత్తిపీట కదలకుండా ఉంటుంది, కూరగాయే కదులుతుంది. ఇక్కడ చేప కదలదు, కత్తి కదులుతుంది. అంతే తేడా. చేపని వెన్ను వెంబడి రెండుగా చీల్చి, తోక దగ్గర మాత్రం తెగకుండా ఉంచి, దండెం మీద గుడ్డ ఆరేసినట్లు కర్రలమీద వేలాడదీస్తారు. ఈగలు ముసరకుండా కింద సన్నగా పొగ పెడతారు. చేపలో సుమారు ముప్పావు వంతు నీరే. ఆ నీరు పోతే బరువు తగ్గుతుంది, నెలల తరబడి నిలవ ఉంటుంది, బండిలో వేసుకుని వెళ్ళడానికి వీలవుతుంది.

ఒక్కసారి లెక్క వేయండి. ఇంట్లో ఏడు కుక్కలున్నాయనుకోండి. రోజుకి కుక్కకో చేప చొప్పున రెండువందల రోజులకి పధ్నాలుగు వందల చేపలు! ఒక్కొక్కటీ చీల్చాలి, కడగాలి, వేలాడదీయాలి, వానొస్తే కప్పాలి. వడియాలు పెట్టిన రోజున మబ్బు పడితే మన గుండెలు ఎలా కొట్టుకుంటాయో మనకి తెలుసు. అక్కడ తడిసి చెడిపోతే పోయేది నంజుకునే వడియాలు కావు, చలికాలం ప్రయాణమే పోతుంది. 1896లో ఆ పక్కనే కెనడాలోని క్లోండైక్‌లో బంగారం బయటపడి జనం ఎగబడ్డారు. కుక్కలకి గిరాకీ పెరిగింది. కుక్క పెరిగాక కుక్కచేపకీ గిరాకీ పెరగక తప్పుతుందా? బంగారం తవ్వేవాడికి సామాను మోసింది కుక్క. ఉత్తరాలు మోసింది కుక్క. అలాస్కాలో ఒక దీవిలో 1963 దాకా టపా కుక్కలబండి మీదనే వెళ్ళింది.

ఇక దక్షిణ ధ్రువం వైపు వెళ్దాం. అక్కడ కూడా చేప కథే నడిచింది. ఇంగ్లండునించి కాప్టెన్ స్కాట్ 1901లో 'డిస్కవరీ' అనే ఓడలో బయలుదేరాడు. కుక్కల కోసం నార్వేనించి తెప్పించిన ఎండుచేప వేసుకున్నాడు. ధ్రువం చేరాలంటే ఓడ భూమధ్యరేఖ దాటాలి కదా! ఆ ఉక్కలో, ఆ తేమలో చేప పాడైపోయింది. ఆ సంగతి వెంటనే ఎవరూ పట్టించుకోలేదు. 1902 నవంబరులో స్కాట్ మరో ఇద్దరితో, 19 కుక్కలతో మంచు మీద బయలుదేరాడు. దారిలో ఆ చేప తిన్న కుక్కలు నీరసించిపోయాయి. ఒక్కొక్కటే పోయాయి. 1903 ఫిబ్రవరిలో మనుషులు తిరిగి వచ్చేసరికి ఒక్క కుక్క కూడా మిగలలేదు. దాంతో కుక్కల మీద స్కాట్‌కి నమ్మకం సన్నగిల్లిందంటారు. తరువాతి యాత్రలో ఆయన ఎక్కువగా గుర్రాలనీ, మోటారు బళ్ళనీ, చివరికి మనుషుల భుజాలనీ నమ్ముకున్నాడు. 1912లో ధ్రువం చూసి తిరిగివస్తూ ఆ మంచులోనే కన్నుమూశాడు. దీనికి కారణాలు అనేకం. కాని ఆ కారణాల వరసలో ఎక్కడో ఓ మూల, మూతిపెట్టి వాసన చూడని ఎండుచేప కూడా ఉంది.

ఆయనకన్నా ముందు ధ్రువం చేరిన నార్వే దేశస్థుడు అముండ్సెన్ సంగతి చూడండి. ఉత్తరదేశపు ఎస్కిమోల మధ్య, అంటే ఇప్పుడు మనం ఇన్యూట్ అంటున్న వారి మధ్య, రెండేళ్ళుండి కుక్కల మర్మం నేర్చుకున్నవాడు. 1910లో 97 కుక్కలతో 'ఫ్రామ్' ఓడ ఎక్కాడు. ఓడలోనే ఎండుచేపనీ, కొవ్వునీ, మొక్కజొన్న పిండినీ కలిపి జావలా ఉడికించి పెట్టేవారు. కుక్కలు లొట్టలు వేసుకుంటూ తినేవట! అదే భూమధ్యరేఖ దాటి, అదే సముద్రం మీద వెళ్ళి, 1911 జనవరిలో దిగేసరికి కుక్కలు తగ్గలేదు సరికదా, పిల్లలు పెట్టి 116 అయ్యాయి. మంచు మీది ప్రయాణానికి ఎండుచేప పొడీ, పాలపొడీ, పిండీ కలిపి అచ్చుపోసిన బిళ్ళలు ఉండేవి. 1911 డిసెంబరు 14న అముండ్సెన్ ధ్రువం చేరాడు. ఈ కథని మరీ తియ్యగా చెప్పడం న్యాయం కాదు. బయలుదేరిన 52 కుక్కల్లో తిరిగి వచ్చినవి 11 మాత్రమే. చాలావాటిని దారిలో చంపి మిగతావాటికి పెట్టారు. అది కూడా ముందే వేసుకున్న లెక్కే. వింటే మనసు చివుక్కుమంటుంది.

మనసుకి ఊరట కలిగించే కథ అలాస్కాలోనే ఉంది. 1925 జనవరిలో నోమ్ అనే చిన్న పట్నంలో పిల్లలకి డిఫ్తీరియా సోకింది. గొంతు పూడుకుపోయి, ఊపిరాడక పిల్లలు చచ్చిపోయే జబ్బు. మందు అయిపోయింది. సముద్రం గడ్డకట్టి ఓడలు రావు. ఆ చలిలో విమానం ఎగిరే వీలు లేదు. మందు ఉన్న రైలు నెనానా అనే ఊరిదాకా వచ్చి ఆగింది. అక్కడినించి నోమ్‌కి 674 మైళ్ళు. ఇరవైమంది బండివాళ్ళు, సుమారు 150 కుక్కలు, ఒకరి చేతినించి ఒకరు అందుకుంటూ, ఐదున్నర రోజుల్లో మందు చేర్చారు. ఫిబ్రవరి 2 తెల్లవారుజామున అది డాక్టరు చేతిలో పడింది. చివరి బండి ముందు నడిచిన బాల్టో అనే కుక్కకి ఆ ఏడాదే న్యూయార్కులో విగ్రహం పెట్టారు. అందరికన్నా ఎక్కువ దూరం లాగింది టోగో అనే మరో కుక్క.

ఆ ఇరవైమందిలో చాలామంది నదీతీరపు స్థానిక జాతులవాళ్ళు. ఆ దారిలోని ఊళ్ళల్లో చలికాలంలో కుక్కల బలమంతా వేసవిలో ఎండబెట్టిన సామనే. విగ్రహం కుక్కకి వచ్చింది, పేరు బండివాడికి వచ్చింది. ఆర్నెల్ల ముందు నది ఒడ్డున పొగలో కళ్ళు మండుతూ ఉంటే చేప చీల్చి వేలాడదీసిన ఆడవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వంటింటి పనికి చరిత్రలో దక్కే చోటు ఎప్పుడూ అంతే కాబోలు!

మరి ఇంటి తిండి పోయి కొన్న తిండి ఎప్పుడొచ్చింది? 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా వాడు పిడుగులనించి కాపాడే ఇనపకమ్మీలు అమ్ముకోవడానికి ఇంగ్లండు వచ్చాడు. ఓడరేవులో కుక్కలు నావికులు పారేసిన గట్టి బిస్కెట్లు తినడం చూసి, కుక్కలకే బిస్కెట్లు చేస్తే ఎలా ఉంటుందని తోచిందట. అలా మొదలయింది కుక్క బిస్కెట్ల వ్యాపారం. అంటే కుక్కకి దుకాణంలో తిండి కొనడం నూట అరవై ఏళ్ళ ముచ్చట. అంతకుముందు వేల ఏళ్ళు నడిచింది ఇంటి తిండే.

ఇంటి తిండి అనగానే అంతా మంచిదే అనుకోకూడదు. 1930లలో అమెరికాలోని మినెసోటాలో ఉన్నికోసం నక్కలు పెంచే ఒక ఆసామి వాటికి పచ్చి చేపలు వేశాడు. నక్కలకి కాళ్ళు పడిపోయి చచ్చిపోయాయి. తరువాత తెలిసిందేమంటే, కార్పు వంటి కొన్ని పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే గుణం ఉంది. ఉడికిస్తే అది పోతుంది. అలాగే అమెరికా పడమటి తీరంలో, ఆరెగన్ వైపు, పచ్చి సామన్ తిన్న కుక్కలు జ్వరమొచ్చి పోతాయి. ఆ చేపలో ఉండే ఒక పురుగు మోసుకొచ్చే సూక్ష్మక్రిమి దానికి కారణం. బాగా ఉడికిస్తే ఆ భయమూ లేదు. పొయ్యి అంటించడం ఊరికే వచ్చిన అలవాటు కాదన్నమాట.

యూకాన్ ఒడ్డున 1960లలో మోటారు మంచుబళ్ళు వచ్చి కుక్కలు తగ్గిపోయాయి. కుక్కలబండి విద్య పూర్తిగా మరుగున పడకూడదని 1973లో వెయ్యిమైళ్ళ పందెం మొదలుపెట్టారు. కుక్కలు మళ్ళీ వచ్చాయి గాని, ఇప్పుడు చేపలు తగ్గాయి. 2021లో ఆ నదిలోకి చమ్ సామన్ ఎన్నడూ లేనంత తక్కువగా వచ్చింది. ఇంటి తిండికి పట్టుకోవడం కూడా ఆపేయవలసి వచ్చింది. వేలాడదీసే కర్రలు ఉత్తగా నిలబడ్డాయి. సముద్రం వేడెక్కడం దానికొక ముఖ్య కారణమంటున్నారు. బస్తాల్లో కొన్న తిండి కుక్క కడుపు నింపుతుంది. కాని నది ఒడ్డున అమ్మమ్మ పక్కన కూర్చుని కత్తి పట్టడం నేర్చుకునే మనవరాలికి ఆ వేసవి తిరిగి రాదు.

ఇంత విన్నాక మన ఇంటి కుక్కకి ఓ తాయిలం చేద్దామనిపిస్తే, తేలికే. కాని మన బజారులో దొరికే ఎండుచేప పెట్టకండి. నార్వేలో, అలాస్కాలో చలిగాలికి చేప ఉప్పు లేకుండానే ఎండుతుంది. మన కోస్తా తేమగాలికి ఉప్పు దట్టించకపోతే పురుగు పట్టేస్తుంది. ఆ ఉప్పు మనకి పులుసులో రుచి, కుక్కకి హాని. కడిగినా పూర్తిగా పోదు. తాజా చేప తెచ్చి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్ళన్నీ వేలితో తడిమి తీసేయండి. ఉల్లీ, వెల్లుల్లీ దగ్గరికి రానివ్వకండి, అవి కుక్క రక్తానికి పడవు. మెత్తగా చిదిమి, కాస్త బియ్యప్పిండి కలిపి, పల్చగా తట్టి, చిన్న ముక్కలు కోసి, సన్నని సెగమీద ఓవెన్‌లో తడి ఆరేదాకా ఉంచండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగురోజుల్లో వాడేయండి. తాయిలం తాయిలంలాగే, రోజుకి ఒకటో రెండో. పెట్టేముందు ఒక్కసారి వాసన చూడండి. స్కాట్ ఓడలో ఆ పని చేసేవాళ్ళు లేకపోయారు. మన వంటింట్లో మనమున్నాం.