సంతకం అక్కర్లేదు

2022లో లండన్‌లో వీసా పొడిగింపుకి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు నేను ఏ ఆఫీసుకీ వెళ్ళలేదు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, బ్రిటన్ ప్రభుత్వం వాళ్ళ ఐడీ చెక్ యాప్ ఫోన్లో వేసుకున్నాను. రెసిడెన్స్ కార్డు ఫొటో తీయమంది. ఫోన్ కవరు తీసేసి, కార్డుని ఫోన్ వెనక్కి ఆనించి కదలకుండా పట్టుకోమంది. కార్డులోని చిప్ చదివింది. ఆ తర్వాత నా ముఖం తెర మీది గీత లోపల ఉండేలా చూసుకోమంది. రంగులు మెరిశాయి. పది నిమిషాల్లో నేను నేనేనని తేలిపోయింది. వేలిముద్రలు మళ్ళీ ఇవ్వక్కర్లేదట, ఇంతకు ముందు ఇచ్చినవి వాళ్ళ దగ్గర ఉన్నాయి.

సంతకం మాత్రం పెట్టమనలేదు. అప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది.

మాది నెల్లూరు జిల్లా. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం మా ఊరికొచ్చినప్పుడు అవ్వ రాత్రి బడికెళ్ళి సంతకం నేర్చుకుంది. మన భాషలో 'వేలిముద్రగాడు' అనేది తిట్టు కదా, ఆ తిట్టు నుంచి బయటపడటమే ఆమెకి చదువు. బ్యాంకులో పేరు రాయడానికి ఆమెకి నిమిషం పట్టేది. వెనక లైను పెరిగిపోతుంటే, "వేలిముద్ర వేసెయ్ అవ్వా, తొందరగా అయిపోద్ది" అనేవాళ్ళు. వినేది కాదు. ఇంటికొచ్చాక నాతో అనేది: "వేలు అందరికీ ఉంటాది అబ్బయ్యా, సంతకం నాది."

శాస్త్రం దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది. ఎవరి వేలు వాళ్ళదే, సంతకం ఎవరైనా పెట్టొచ్చు అంటుంది. ఈ మాట అధికారికంగా చెలామణీ కావడం మొదలైంది లండన్‌లో కాదు, బెంగాల్లో. 1858 జులైలో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి రోడ్డు సామగ్రి కోసం రాజ్యధర్ కొనాయ్ అనే వ్యక్తితో కాంట్రాక్టు రాసుకున్నాడు. రేపు ఇతను ఈ సంతకం నాది కాదంటే ఎలా అని అనుమానం వచ్చి, కాగితం వెనక అతని అరచేతి ముద్ర వేయించాడు. అప్పటికి హెర్షెల్ దగ్గర ఏ శాస్త్రమూ లేదు. చేయి ముద్ర పడితే మనిషి భయపడి మాట తప్పడని మాత్రమే అతని నమ్మకం. 1877కల్లా హుగ్లీ జిల్లాలో పింఛనుదారులకీ, దస్తావేజుల రిజిస్ట్రేషన్‌కీ, జైలు ఖైదీలకీ వేలిముద్రలు మొదలుపెట్టాడు. ముద్ర కన్నా ముందు పుట్టింది అపనమ్మకం.

ముద్రలు తీసుకోవడం తేలికే. లక్ష ముద్రల్లో ఒకటి వెతకడమే కష్టం. ఆ చిక్కు విప్పింది బెంగాల్ పోలీసుల్లో పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ఆ పద్ధతికి నిలిచిన పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. ప్రోగ్రామర్‌గా నాకు ఆ పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. వేలి మీద సుడి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. పది వేళ్ళకి పది బిట్లు, అంటే 1024 అరలు. మనిషి పేరు తెలియకపోయినా వేళ్ళు చూసి నేరుగా ఆ అర దగ్గరికి వెళ్ళొచ్చు. కంప్యూటర్ రాకముందే కట్టిన హాష్ టేబుల్ అది. 1897లో కలకత్తాలో బ్యూరో పెట్టారు, 1901లో స్కాట్లండ్ యార్డ్ అదే పద్ధతి తీసుకుంది. ముందు మన దగ్గర వాడి చూసి, తర్వాత వాళ్ళ ఊళ్ళో పెట్టుకున్నారన్నమాట.

మధ్యలో, 1900లో, హెన్రీని దక్షిణాఫ్రికాకి పంపారు, అక్కడ పోలీసు వ్యవస్థ ఏర్పాటు చేయడానికి. కొన్నేళ్ళకి అక్కడి ట్రాన్స్‌వాల్‌లో ఆసియా వాళ్ళందరూ పది వేళ్ళ ముద్రలిచ్చి రిజిస్టర్ కావాలని చట్టం చేశారు. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్‌లో భారతీయులు దీన్ని ఒప్పుకోమని ప్రమాణం చేశారు. సత్యాగ్రహం మొదలైంది ఇక్కడే, వేలిముద్ర దగ్గర.

ఈ కథలో నాకు ఎక్కువగా గుర్తుండేది ఆ తర్వాతి మలుపు. 1908లో స్మట్స్‌తో రాజీ కుదిరింది. బలవంతం ఉండదు, స్వచ్ఛందంగా రిజిస్టర్ అయితే చట్టం తీసేస్తారని గాంధీ నమ్మాడు. చదువుకున్నవాళ్ళకి సంతకంతో సరిపెట్టుకునే వీలున్నా తాను ముద్రలే ఇస్తానన్నాడు. ఫిబ్రవరి 10న రిజిస్ట్రేషన్‌కి వెళుతుంటే, ద్రోహం చేశావంటూ మీర్ ఆలం తదితరులు చావగొట్టారు. గాంధీ ఆ దెబ్బలతోనే, మంచం మీద నుంచే, పది వేళ్ళూ ఇచ్చాడు. చట్టం రద్దు కాలేదు. ఆగస్టు 16న హమీదియా మసీదు దగ్గర రెండు వేలకి పైగా సర్టిఫికెట్లు కాల్చేశారు.

గాంధీకి పేచీ సిరాతో కాదు, కాదనే హక్కు లేకపోవడంతో. అడిగితే ఇస్తాం, నువ్వు దొంగవేమో చూస్తాను అంటే ఇవ్వం.

మళ్ళీ నా ఫోన్ దగ్గరికి వస్తాను. కార్డు మీద అచ్చేసిన నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ, ఈ మూడూ కలిస్తేనే చిప్ తెరుచుకుంటుంది. ముందు ఫొటో తీయమన్నది అందుకే. లోపలున్న వివరాల్ని ఎవరూ మార్చలేదని చెప్పడానికి కార్డిచ్చిన ప్రభుత్వం డిజిటల్ సంతకం ఉంటుంది. అంటే ఈ మొత్తం తతంగంలో సంతకం లేకపోలేదు. ఉంది, అది నాది కాదు.

యాప్ చెడ్డదని నేననను. సెలవు పెట్టి, రైలెక్కి, లైన్లో నిలబడే బాధ తప్పించింది. అంత సుఖంగా ఉండబట్టే, నన్ను అనుమానించే గుమాస్తా పని నేనే చేసుకుంటున్నానని తోచలేదు. వంటింట్లో కూర్చుని నా మీద నేనే నిఘా వేసుకున్నాను. వద్దనొచ్చా? అనొచ్చు. వేరే చోటికి వెళ్ళి కెమెరా ముందు కూర్చోవచ్చు. అదీ వద్దంటే ఉద్యోగం వదిలేసి ఇంటికి రావచ్చు. 1908లో కాల్చడానికి కనీసం కాగితమైనా ఉంది. సర్వర్లో ఉన్న నా ముఖాన్ని నేను కాల్చలేను. ఇవన్నీ తెలిసే సబ్మిట్ నొక్కాను.

ఆఖరి సంవత్సరాల్లో పింఛనుకి అవ్వని మిషన్ మీద వేలు పెట్టమన్నారు. పొలం పనికి అరిగిపోయిన వేలు, ఒక్కోసారి నాలుగైదు సార్లు పెట్టినా పడేది కాదు. అయినా పింఛను రోజున కొంగు చివర పెన్ను ముడేసుకునే వెళ్ళేది. ఎందుకవ్వా అంటే, "అడిగితేనో?" అనేది.