వాక్యం వచ్చింది, లెక్క రాలేదు

నిజాం సర్కారు బడుల్ల ఉర్దూ చదువు. మెదక్ ఇలాకాల మాల మాదిగ పిల్లలతో తెలుగు అక్షరాలు దిద్దించింది వెస్లియన్ మిషన్. సంగారెడ్డి దిక్కు మా వాడ చర్చి బడిల అయిదు తరగతులకూ పంతులొక్కడే. ఆదివారం ప్రార్థన చేయించేదీ ఆయనే. బైబిలు గడగడ చదివినం, భాగహారం రాలేదు.

ఆ పలకతోపాటు బాప్తిస్మం తీసుకున్నోళ్లను 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ జాబితా బయట పెట్టింది. 1956లో దళిత సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నరు. మాకు మాత్రం బీసీ-సి, ఒక్క శాతం.

పటాన్‌చెరుల ఫ్యాక్టరీలు లేచినంక అయిదో తరగతి చదువు మమ్ముల గేటు దాకనే తీసుకపోయింది. అక్షరమిచ్చిన బడికి దండం పెడుతనే అడుగుతున్న: మా పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు ఎవరు చెప్పాలె?