తెగిన అవయవం – తీరని బాధ్యత
(యుద్ధ క్షతగాత్రుల చికిత్సా చరిత్రపై ఒక పరిశీలన)

యుద్ధాల చరిత్ర రాసేవారు జయించిన కోటలను, మరణించిన సైనికులను లెక్కిస్తారు. కాలో చేయో పోగొట్టుకొని ఇల్లు చేరిన సిపాయి ఆ తరువాత ఎలా బతికాడన్న ప్రశ్నకు ఆ పుటల్లో చోటు అరుదు. అయితే ఈ ప్రశ్న ఇస్లామీయ చరిత్రకు కొత్తది కాదు. హదీసు, ఫిఖహ్, వైద్య గ్రంథాలు మూడింటిలోనూ దాని ప్రస్తావన ఉంది. అక్కడ మొదలుపెట్టి మన కాలపు పరిశోధనల వరకు ఈ విషయాన్ని సంక్షిప్తంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అర్ఫజా బిన్ అస్అద్ (రజి) అనే సహాబీ ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్నారు. వెండి ముక్కు చేయించి పెట్టుకున్నారు. కొంతకాలానికి అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనను బంగారు ముక్కు చేయించుకొమ్మని ఆదేశించారు. ఈ ఉల్లేఖనం అబూదావూద్, తిర్మిజీ, నసాయీ సంకలనాలలో ఉంది. పురుషులు బంగారం ధరించడం నిషిద్ధమన్న సంగతి పాఠకులకు విదితమే. కాని ఇక్కడ బంగారం అలంకారం కాదు. చెడని లోహం గనుక అది చికిత్సా సాధనం. కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టించుకోవచ్చునా అన్న చర్చలో ఫుఖహాలు ఈ హదీసునే ముందుంచుకున్నారు. ఇమామ్ అబూ హనీఫా దంతాలకు వెండి చాలునన్నారు. ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ బంగారాన్ని కూడా అనుమతించారు. అభిప్రాయభేదం లోహం విషయంలోనే గాని, లోపాన్ని పూరించుకొనే హక్కు విషయంలో కాదు.

ఈ బాధ్యత వ్యక్తికే పరిమితం కాలేదు. ఉమవీ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (705–715) నడవలేని ప్రతి మనిషికి ఒక సేవకుణ్ణి, ప్రతి అంధునికి ఒక దారి చూపేవాణ్ణి ఏర్పాటు చేశాడని చరిత్రకారుడు తబరీ రాశాడు. మదీనా పండితుడు ఉర్వా బిన్ జుబైర్ కాలు కుళ్ళు వ్యాధి సోకి దానిని కోయవలసి వచ్చింది ఆ ఖలీఫా ఆస్థానానికి వెళ్ళినప్పుడే. స్పృహ తప్పించే పానీయాన్ని ఆయన నిరాకరించారని, అదే ప్రయాణంలో కుమారుణ్ణి కూడా పోగొట్టుకున్నారని ఉల్లేఖకులు చెబుతారు.

శస్త్రచికిత్సా శాస్త్రం అందలూసియాలో బాగా అభివృద్ధి చెందింది. కొర్దోవా సమీపంలోని జహ్రా నగరానికి చెందిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ (మరణం సుమారు క్రీ.శ. 1013) రచించిన ‘అత్తస్రీఫ్’ గ్రంథంలో ముప్పయ్యవ భాగం పూర్తిగా శస్త్రచికిత్సకు సంబంధించినది. కుళ్ళిన అవయవాన్ని ఎక్కడ కోయాలో, పైన కింద పట్టీలు ఎలా కట్టాలో, రక్తాన్ని వాతతో ఎలా ఆపాలో ఆయన వివరించారు. ఒక రోగి సంగతి కూడా రాశారు. అతని పాదం నల్లబడగా అతడే దానిని కీలు దగ్గర కోసుకొని బతికాడు. చాలా కాలానికి అదే వ్యాధి చేతికి వచ్చింది. చేయి తీసివేయమని అతడు కోరగా, రోగి ప్రాణానికి భయపడి జహ్రావీ ఒప్పుకోలేదు. అతడు ఇంటికి వెళ్ళి తానే కోసుకొని, మళ్ళీ బతికాడు. తన అంచనా తప్పిన సంగతిని దాచకుండా రాసిన ఈ నిజాయితీ ఆ గ్రంథానికి విలువ పెంచింది. పన్నెండవ శతాబ్దంలో టొలీడోలో అది లాటిన్‌లోకి అనువాదమై యూరప్ వైద్యులకు పాఠ్యగ్రంథమయింది.

ఫ్రెంచి సైనిక వైద్యుడు అంబ్రోజ్ పారే 1552లో, కోసిన అవయవం రక్తనాళాలను వాత పెట్టకుండా దారంతో కట్టే పద్ధతిని అమలు చేశాడు. కీళ్ళు గల ఇనుప చేతుల, కాళ్ళ నమూనాలను కూడా ప్రచురించాడు. 1861లో అమెరికా అంతర్యుద్ధంలో కాలు పోయిన జేమ్స్ హ్యాంగర్ అనే యువకుడు పీపా చెక్కలతో తన కాలు తానే తయారుచేసుకొని, తరువాత ఇతరులకూ చేసిపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలోనే 41,000 మందికి పైగా అవయవాలు కోల్పోయారు. వారి కోసం లండన్ దగ్గర రోహాంప్టన్‌లో 1915లో ప్రత్యేక ఆసుపత్రి వెలిసింది.

అయితే కొయ్యకాలు చేయడం కంటె ఉన్న కాలును నిలబెట్టడం మేలు కదా! రెండవ ప్రపంచ యుద్ధంలో తెగిన ధమనిని ముడివేయడమే సాధారణ పద్ధతి. అమెరికా వైద్యులు డిబేకీ, సిమియోన్ 1946లో 2,471 ధమనీ గాయాలను పరిశీలించి, ముడివేసిన వారిలో సుమారు 49 శాతం మంది ఆ అవయవాన్ని కోల్పోయారని తేల్చారు. కొరియా యుద్ధంలో (1950–53) ధమనిని కుట్టి సరిచేయడం మొదలయింది. గాయపడినవారిని హెలికాప్టర్లలో త్వరగా తరలించారు. సరిచేసిన ధమనుల విషయంలో నష్టం సుమారు 13 శాతానికి దిగింది. లెక్కలు శ్రద్ధగా రాసి ఉంచడంవల్లనే ఈ మార్పు సాధ్యమయింది.

యుద్ధం ముగిసిన తరువాత కథ మరో మలుపు తిరిగింది. నేడు అమెరికా మాజీ సైనికులలో ఎక్కువమంది కాళ్ళు పోవడానికి కారణం తూటా కాదు. మధుమేహం, రక్తనాళాల వ్యాధి. ఈ పరిశోధనకు దక్షిణ భారతంతో సంబంధముంది. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాలు చెడడానికి ముఖ్య కారణం నొప్పి తెలియకపోవడమేనని గ్రహించారు. 1966లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్ళి, అదే సూత్రాన్ని మధుమేహ రోగుల పాదాలకు అన్వయించారు. సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి స్పర్శ ఉన్నదీ లేనిదీ తెలుసుకొనే పరీక్ష నేడు సర్వత్రా వాడుకలో ఉంది.

కృత్రిమ అవయవాల విషయంలోనూ మన దేశం వెనుకబడలేదు. 1968లో జైపూరులో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరు పాదాన్ని రూపొందించారు. దానితో బాసింపట్టు వేసి కూర్చోవచ్చు, చెప్పులు లేకుండా నడవవచ్చు. నేలపై కూర్చొని భోంచేసేవారికి, నమాజు చేసేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. మందుపాతరలకు వేలాదిగా కాళ్ళు బలి ఇచ్చిన అఫ్ఘానిస్తాన్‌కు కూడా అది చేరింది. ఇక హైదరాబాదులో క్షిపణుల పరిశోధనకు నాయకత్వం వహించిన ఎ.పి.జె. అబ్దుల్ కలాం, నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులొకరు చూపగా, మూడు కిలోలకు పైబడిన ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూశారు. క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థంతో సుమారు 300 గ్రాముల కాలిపర్లు చేయించారు. తన జీవితంలో మిక్కిలి ఆనందం కలిగించిన పనులలో దానిని ఆయన ఒకటిగా పేర్కొనేవారు.

చీలమండ పైన కాలు తెగినవారికి వుజూలో పాదం కడిగే విధి తొలగిపోతుందని ఫుఖహాలు చెప్పారు. ఆ సడలింపు అవసరం రాకుండా చూసుకోవడం మన చేతిలో చాలావరకు ఉంది. మధుమేహం ఉన్నవారు రోజూ పలుమార్లు పాదాలు కడుగుతూనే ఉంటారు. ఆ సమయంలోనే అరికాలిని, వేళ్ళ సందులను చూసుకోవాలి. చూపు ఆననివారికి ఇంట్లోవారు చూసిపెట్టాలి. వేడినీళ్ళయితే ముందు మోచేతితో తాకి చూడాలి. స్పర్శ లేని పాదానికి వేడి తెలియదు. కడిగిన తరువాత వేళ్ళ మధ్య తడి తుడవాలి. పుండు కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోక, ఆ రోజే వైద్యునికి చూపాలి.