చిన్నవయసు తల్లులు: చట్టం, సంక్షేమం – నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అనుభవం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• బాల్యవివాహ నిరోధానికి, చిన్నవయసు తల్లుల సంరక్షణకు మధ్య ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• సంక్షేమ పథకాలలోని వయసు నిబంధన ఫలితాలను విశ్లేషించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

బాల్యవివాహాల నిషేధం గురించి మీరు ఇదివరకే చదివి ఉంటారు. అయితే పెళ్లిని ఆపడం ఒక పని, అప్పటికే తల్లి అయిన పిల్లను ఆదుకోవడం మరొక పని. మొదటిదానికి బ్రిటిష్ ఇండియాలో 1929లోనే చట్టం వచ్చింది. రెండవదానికి చాలా కాలం పట్టింది. ఆ ఆలస్యం వల్ల నష్టపోయింది ఎవరో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. సంస్థాన కాలం

నిజాం పాలనలో తెలంగాణ దొరలు తమ కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు పేదింటి ఆడపిల్లలను ‘ఆడబాప’లుగా వెంట పంపేవారు. దొరల వల్ల వారికి పుట్టిన బిడ్డలకు ఆస్తిహక్కు గాని, తండ్రి పేరు గాని ఉండేది కాదు. మహబూబ్‌నగర్ ప్రాంతంలో దళిత బాలికలను జోగినులుగా మార్చే ఆచారం ఉండేది. ఆ తల్లులదీ ఇదే స్థితి. జోగిని ఆచారాన్ని నేరంగా ప్రకటించే రాష్ట్ర చట్టం 1988లో గాని రాలేదు.

1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల కనీస వివాహ వయసును 14 సంవత్సరాలుగా నిర్ణయించింది. బ్రిటిష్ ఇండియాకు చేసిన ఈ చట్టం హైదరాబాదు సంస్థానానికి వర్తించలేదు. అందువల్ల ఇక్కడ సంస్కరణ భారం ప్రజాసంస్థలపై పడింది. ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో, 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో సమావేశమైంది. జోగిపేట సభకు పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి, దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత వహించారు. వాటితో పాటు జరిగిన మహిళా సభలలో స్త్రీవిద్య, బాల్యవివాహాలు చర్చకు వచ్చాయి. అయితే ఈ సభలకు వచ్చినవారు ఎక్కువగా చదువుకున్న కుటుంబాలవారే. ఆడబాప, జోగిని వంటి వారి గొంతు అక్కడ వినిపించలేదని మీరు గమనించాలి.

3. చట్టంలో వచ్చిన మార్పు

ఆడపిల్ల కనీస వివాహ వయసు 1949లో 15కు, 1978లో 18కి పెరిగింది. కాని ఈ చట్టాలు పెళ్లి చేసినవారిని శిక్షించడానికే పరిమితమయ్యాయి. పెళ్లయిన పిల్లకు వాటివల్ల ఒరిగింది తక్కువ. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. దీని ప్రకారం ఆ వివాహాన్ని రద్దు చేయమని బాలిక కోర్టును కోరవచ్చు. భరణం, నివాసం పొందవచ్చు. ఆమెకు పుట్టిన బిడ్డ చట్టబద్ధ సంతానమే. ఆడబాప బిడ్డల స్థితితో పోల్చితే దీని విలువ మీకు అర్థమవుతుంది.

4. సంక్షేమ పథకాలు: వయసు అడ్డుగోడ

2010లో కేంద్రం ఇందిరాగాంధీ మాతృత్వ సహయోగ్ యోజనను దేశంలోని 52 జిల్లాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. వాటిలో నల్లగొండ ఒకటి. గర్భిణికి 4,000 రూపాయలు విడతలుగా ఇచ్చేవారు. కాని 19 ఏళ్లు నిండినవారికే, మొదటి రెండు కాన్పులకే ఈ సాయం అందేది. 2005లో మొదలైన జననీ సురక్ష యోజనలోనూ మన రాష్ట్రం వంటి చోట్ల వయసు నిబంధన ఉండేది.

చిన్నవయసు పెళ్లిళ్లను ప్రోత్సహించకూడదన్నది ఈ నిబంధనకు చెప్పిన కారణం. కాని పెళ్లి ముహూర్తం పెట్టేది పెద్దలు, డబ్బు అందనిది పిల్లకు. రక్తహీనతతో, పోషకాహారం లేక ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఆమే. జననీ సురక్షలో ఈ నిబంధనను 2013లో తొలగించారు. 2015 జనవరిలో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి ద్వారా గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట భోజనం అందింది.

5. వలస, బస్తీ, భయం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 ఏళ్లలోపే పెళ్లయింది. పాలమూరు వలసను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గుంపు మేస్త్రీ వెంట పనికి వెళ్లే తల్లిదండ్రులు, ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర విడిచి వెళ్లాలో తెలియక త్వరగా పెళ్లి చేస్తారు. ఆ పిల్ల హైదరాబాదు బస్తీలో కాపురం పెడితే, ఆమె పేరు ఊరి అంగన్‌వాడీలోనే ఉండిపోతుంది. బస్తీలో ఆమె ఎవరికీ తెలియదు.

దీనికి భయం తోడవుతుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు బాలికపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే పోలీసులకు చెప్పాలి. 18 ఏళ్లలోపు భార్య విషయంలోనూ అత్యాచార చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. ఇవి బాలిక రక్షణకు వచ్చినవే. అయినా కేసు భయంతో కుటుంబం వయసు ఎక్కువ చెప్పినా, ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చినా ఆమె ప్రాణానికే ముప్పు.

6. సారాంశం

ఈ పిల్లలకు కావలసినవి మూడు: భయం లేని వైద్యం, ఎక్కడ ఉన్నా అందే ఆహారం, తిరిగి చదువుకునే దారి. బడి మానేసినవారికి సార్వత్రిక పాఠశాల, ఆ పైన 1982లో ఏర్పడిన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ మూడవ దారిని తెరిచాయి. మీలో కొందరు ఆ దారినే ఇక్కడికి వచ్చి ఉండవచ్చు. పెళ్లిని ఆపలేకపోయిన సమాజం తల్లి అయిన పిల్లను వదిలేస్తే, ఆమెను రెండోసారి శిక్షించినట్లే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1978, 2006 చట్టాల మధ్య ప్రధానమైన తేడా ఏమిటి?
2. సంక్షేమ పథకాలలో వయసు నిబంధన సమంజసమేనా? నల్లగొండ ఉదాహరణతో చర్చించండి.
3. మీ వాడలోని అంగన్‌వాడీ టీచరును కలిసి, వలస వచ్చిన గర్భిణుల పేర్లు ఎలా నమోదు చేస్తారో తెలుసుకొని ఒక పేజీలో రాయండి.