చెత్త సేకరణ కొలువుకు వెళ్తున్నారా?.. ముఖాముఖికి ఇలా సిద్ధం కండి

మేడ్చల్‌, శామీర్‌పేట: నాగపూర్‌ రహదారిపై మేడ్చల్‌, రాజీవ్‌ రహదారిపై శామీర్‌పేట. ఈ రెండింటి చుట్టూ చెత్తను ఆధారం చేసుకొని జీవిస్తున్న కుటుంబాలు తక్కువేమీ కాదు. భాగ్యనగరపు చెత్త చేరే జవహర్‌నగర్‌ డంపింగ్‌ యార్డు 2016లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు శామీర్‌పేట మండలంలోనే ఉండేది. అక్కడ 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్కేంద్రం ప్రారంభమైంది. దుండిగల్‌లో పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం 2001 నుంచి నడుస్తోంది. తుర్కపల్లి పరిసరాల్లోని జీనోమ్‌ వ్యాలీ ఔషధ సంస్థల్లోనూ వ్యర్థాలను వేరుచేసి భద్రపరిచే సిబ్బంది అవసరం ఉంటుంది. చెత్త బండి తోలేవారు, ఇంటింటికీ తిరిగి సేకరించేవారు, తూకం కాంటా వద్ద లెక్క రాసేవారు, ఏరివేత కేంద్రాల్లో పనిచేసేవారు.. ఇలా కొలువులు పలు రకాలు. వీటికి ముఖాముఖి ఏమిటని తేలిగ్గా తీసుకొని వెళ్లి, చిన్న ప్రశ్నకు తడబడి వెనుదిరుగుతున్నవారు ఉన్నారు.

ముందుగా పని ఏదో తెలుసుకోండి

పిలుపు వచ్చిన వెంటనే అభ్యర్థి తెలుసుకోవలసింది తాను చేయబోయే పని ఏమిటన్నదే. ఇళ్ల చెత్త వేరు, ఆసుపత్రి వ్యర్థాలు వేరు, రసాయన వ్యర్థాలు వేరు. ఇళ్ల చెత్తలో తడి, పొడి అని రెండు బుట్టలు చెబితే ఇన్నాళ్లూ సరిపోయేది. 2016 నాటి నిబంధనల స్థానంలో కేంద్రం ప్రకటించిన 2026 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నాలుగు రకాలుగా విడదీయాలని చెబుతున్నాయి. తడి, పొడి చెత్తతో పాటు డైపర్లు, శానిటరీ న్యాప్‌కిన్ల వంటివి మూడో రకం. పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు, ట్యూబులైట్లు, కాలం చెల్లిన మందులు వంటి ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి నాలుగో రకం. ఈ నియమాల అమలుకు 2026 ఏప్రిల్‌ 1ని తేదీగా నిర్ణయించారు. ముఖాముఖిలో ఈ నాలుగింటినీ ఉదాహరణలతో చెప్పగలిగిన అభ్యర్థికి మార్కులు పడతాయనడంలో సందేహం లేదు.

ఆసుపత్రి వ్యర్థాల బండిపై పనికి వెళ్లేవారు సంచుల రంగులు కంఠతా పట్టాలి. రక్తపు దూది, కట్లు పసుపు సంచిలోకి, సెలైన్‌ గొట్టాలు, సూది తీసేసిన సిరంజీలు ఎరుపు సంచిలోకి వెళ్తాయి. సూదులు, బ్లేడ్లను గుచ్చినా చిల్లు పడని తెల్లని డబ్బాలో వేయాలి. గాజు సీసాలకు నీలం గుర్తు పెట్టె. దుండిగల్‌ వంటి కేంద్రాల్లో అయితే లారీతో పాటు వచ్చే మానిఫెస్టు పత్రం చూడకుండా సరుకు దించరాదన్న సంగతి తెలిసి ఉంటే మేలు. అక్కడ నమూనాను ప్రయోగశాలలో పరీక్షించిన తర్వాతే దాన్ని పూడ్చాలా, కాల్చాలా అన్నది తేలుస్తారు.

అడిగేవి ఇవే..

ఇంగ్లిషు రాదని బెంగ పడనక్కరలేదు. పర్యవేక్షకులు చూసేది మాట తీరును, ఓర్పును, వేళకు వచ్చే అలవాటును. తెల్లవారుజామున 5 గంటలకు హాజరు వేయించుకోగలరా, దుర్వాసన తట్టుకోగలరా, ఆదివారం రమ్మంటే వస్తారా అని అడుగుతారు. మొహమాటానికి అన్నింటికీ ‘అలాగే సార్‌’ అనడం కంటే ఇంటి నుంచి ఎలా వస్తారో, తొలి బస్సు ఎన్నింటికో చెప్పడం నమ్మకం కలిగిస్తుంది. మహిళలను రాత్రి షిఫ్టులో నియమించాలంటే వారి అంగీకారం తప్పనిసరి. ఇష్టం లేకుంటే ఆ మాట అక్కడే చెప్పవచ్చు.

తడి, పొడి కలిపి ఇచ్చే ఇంటి యజమానితో ఎలా మాట్లాడతారన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. గొడవ పడతామని గానీ, ఏమీ అనకుండా తీసుకుంటామని గానీ చెబితే రెండూ తప్పే. ‘అమ్మా, రేపటి నుంచి వేరుగా ఇవ్వండి’ అని నచ్చజెబుతామని, వినకుంటే జవానుకు తెలియజేస్తామని చెప్పడం సరైన సమాధానం.

ఇక భద్రతపై ప్రశ్నలు. వీటిలో పొరపాటు జరిగితే ఉద్యోగమే కాదు, ప్రాణమూ పోతుంది. సంచిని ఎప్పుడూ ఒంటికి దూరంగా పట్టుకోవాలి, కాలితో తొక్కరాదు, చేతితో అదమరాదు. సూది గుచ్చుకుంటే రక్తం పిండకూడదు. సబ్బు నీళ్లతో కడుక్కొని, పర్యవేక్షకునికి చెప్పి, ఆలస్యం చేయకుండా వైద్యుడిని కలవాలి. హెపటైటిస్‌-బి టీకా మూడు మోతాదులు ఆరు నెలల్లో పూర్తవుతాయి. అవి వేయిస్తారా అని అభ్యర్థే అడగడం తప్పు కాదు, పైగా పని తెలిసినవాడన్న అభిప్రాయం కలుగుతుంది. సెప్టిక్‌ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి దిగమంటే దిగుతారా అని ఎవరైనా పరీక్షగా అడిగితే ‘దిగను’ అనే చెప్పాలి. 2013 నాటి చట్టం వాటిని మనుషులతో ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. లోపలి విషవాయువు మోతాదు మించితే ముక్కు వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. వాసన రావడం లేదు కదా అని దిగినవారు తిరిగి రాని ఘటనలు దేశమంతటా జరిగాయి.

కాగితాలు, జీతం

ఆధార్‌, బ్యాంకు పాసుపుస్తకం, చదువు, కులం ధ్రువపత్రాలు, రెండేసి నకళ్లు, ఫొటోలు వెంట ఉంచుకోవాలి. గతంలో వేరేచోట పీఎఫ్‌ కోసి ఉంటే యూఏఎన్‌ సంఖ్య తప్పక చెప్పాలి. కొత్తది తెరిస్తే పాత సొమ్ముకు చిక్కులు వస్తాయి. ఆటో టిప్పర్‌ తోలేవారు లైసెన్సు గడువు చూసుకోవాలి. దుస్తులు సాదాగా, శుభ్రంగా ఉంటే చాలు. చెప్పులకు బదులు బూట్లు వేసుకోవడం మంచిది. అప్పటికప్పుడు యార్డు చూపించడానికి తీసుకెళ్లే అవకాశం ఉంది.

జీతం ఎంత అని అడగడానికి సిగ్గుపడేవారే ఎక్కువ. చెప్పిన మొత్తం వేరు, చేతికి వచ్చేది వేరు. ఉదాహరణకు రూ.15 వేల వేతనంపై 12 శాతం చొప్పున పీఎఫ్‌కు రూ.1,800, 0.75 శాతం చొప్పున ఈఎస్‌ఐకి రూ.113 పోను రూ.13,087 మిగులుతుంది. ఇది నష్టం కాదు. యజమాని వాటా కూడా జమవుతుంది, ఈఎస్‌ఐ కార్డుతో కుటుంబానికి వైద్యం అందుతుంది. యజమాని వాటాను సైతం కార్మికుని జీతం నుంచే కోస్తే మాత్రం అది అక్రమం.

అసలు యజమాని ఎవరన్నది మరో ముఖ్య విషయం. 2025 డిసెంబరులో మేడ్చల్‌, తూంకుంట, దుండిగల్‌, జవహర్‌నగర్‌ సహా శివారు పట్టణాలు జీహెచ్‌ఎంసీలో విలీనమయ్యాయి. బోర్డు ఒకరిది, బండి ఇంకొకరిది, జీతం మరొకరిది అయ్యే సందర్భాలు ఈ రంగంలో మామూలే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక నియమావళుల ప్రకారం ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇవ్వాలి. అందులో గుత్తేదారు పేరు, వేతనం, పని వేళలు ఉన్నాయో లేదో చదివించుకొనైనా చూడాలి. ‘పర్మినెంటు చేయిస్తాం’ అంటూ డబ్బు అడిగే దళారులకు పైసా ఇవ్వరాదు. లంచం అడిగింది ప్రభుత్వ ఉద్యోగి అయితే ఏసీబీ టోల్‌ఫ్రీ సంఖ్య 1064కు ఫిర్యాదు చేయవచ్చు.

ఎంపికైన వారికి తొలిరోజు గ్లౌజులు, బూట్లు, మాస్కు ఇచ్చి రిజిస్టరులో సంతకం చేయమంటారు. చేతికి అందని వస్తువు ఎదుట సంతకం పెట్టకూడదు.