ఇందూరు మెథడిస్టులు సీ.ఎస్.ఐ. అయిన కథ

మన ఇందూరు (నిజామాబాదు) జిల్లాలో సంఘాలు నాటింది వెస్లియన్ మెథడిస్టు మిషన్. పక్కనున్న మెదక్‌లో ఆ మిషన్‌కు చెందిన పాస్నెట్ దొర కట్టించిన చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. అంతకుముందే డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. దానికి పెద్ద మొత్తం ఇచ్చిన నిజామాబాదు నర్సాగౌడ్ హిందువు. ఆయన మన విశ్వాస ప్రమాణం చదవలేదు, కెర్ దంపతులు తమది మానుకోలేదు. ఇరుగుపొరుగుతో కలిసి పనిచేయడం మనవాళ్లకు అలా ముందే అలవాటైంది. కష్టమల్లా సాటి క్రైస్తవులతోనే!

తరంగంబాడిలో 1919లో మొదలైన దక్షిణాది క్రైస్తవ సంఘాల ఐక్యతా చర్చలు 28 ఏళ్లు సాగాయి. పెద్ద పేచీ బిషప్పుల గురించే. బిషప్పు చేయి పడని మెథడిస్టు గురువుల అభిషేకం చెల్లుతుందా అని ఆంగ్లికన్లకు సందేహం. విశ్వాస ప్రమాణాల దగ్గర మాత్రం దారి దొరికింది. అపొస్తలుల ప్రమాణం, 325లో నీకయలో మొదలై 381లో కాన్‌స్టాంటినోపిల్‌లో స్థిరపడిన ప్రమాణం, రెంటినీ అంగీకరించారు. అయితే వాటిలోని మూల సత్యాలు ఒప్పుకుంటే చాలు, ప్రతి మాటకూ ప్రతి సభ్యుడూ సమ్మతించాలని పట్టుపట్టం అని ఐక్యతా ప్రాతిపదికలో రాసుకున్నారు. ఇది మెతకతనం అనేవారున్నారు. నా మటుకు నాకు ఆ వెసులుబాటు లేకుంటే ఒప్పందమే లేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీ.ఎస్.ఐ.) ఏర్పడింది. మనం మెదక్ డయోసీస్ అయ్యాం. ఫ్రాంక్ విటేకర్ తొలి బిషప్. ఈ ఐక్యత కోసం పాటుపడ్డ దోర్నకల్ బిషప్ అజరయ్య మాత్రం 1945 జనవరి 1న కన్నుమూశారు.

మన జిల్లాలోనే బోధన్ వైపు కథ వేరు. నిజాంసాగర్ నీళ్లు, 1937 నాటి చక్కెర ఫ్యాక్టరీ చూసుకుని కోస్తా నుంచి వచ్చినవాళ్లు క్యాంపులు కట్టుకున్నారు. వాళ్లలో కొందరి సొంత చోటైన గుంటూరు సీమలో లూథరన్, బాప్టిస్టు సంఘాలది పైచేయి, అవి సీ.ఎస్.ఐ.లో చేరలేదు. నీకయ సభకు 2025లో 1700 ఏళ్లు నిండాయి. అక్కడ మొదలైన ప్రమాణం లూథరన్లకూ, కతోలికులకూ, మనకూ ఉమ్మడిదే. అయినా సీ.ఎస్.ఐ. పిల్లకు బాప్టిస్టు సంబంధం కుదిరితే, పసితనంలో నీళ్లు చల్లించుకున్న ఆమె మళ్లీ మునిగి బాప్తిస్మం తీసుకోవాలా అన్న ప్రశ్న కట్నకానుకల మాటలకన్నా ముందే వస్తుంది. దానికి జవాబు ఏ ప్రమాణంలోనూ లేదు; ఇద్దరు అయ్యగార్లూ కూర్చుని తేల్చాల్సిందే.